అరకేరియా

అరకేరియా అరకేరియేసి కుటుంబానికి చెందిన సతత హరిత వృక్షాల ప్రజాతి. తెలుగునాట ఉద్యానవనాలలోనూ, ఇళ్ళ ముంగిళ్ళలోనూ అలంకారం కొరకు పెంచే అరకేరియాను వాడుకలో క్రిస్మస్ చెట్టు లేదా క్రిస్మస్ ట్రీ అంటారు. శంకువులను ధరించే వివృతబీజాలలో (పుష్పాలు, ఫలాలు లేని మొక్కలలో) ఇది ఒకటి. నిటారైన కాండం చుట్టూ అంతస్తులుగా అమరిన కొమ్మలు దీని ప్రత్యేకత. చల్లని సముద్రపు గాలులు వీచే దీవులలో పుట్టిన ఈ వృక్షాన్ని గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలలో బ్రతికించడానికి నేల విషయంలోనూ, వేసవి విషయంలోనూ ప్రత్యేకమైన జాగ్రత్తలు అవసరం.

పేరు

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో అరౌకో అనే ప్రాంతం ఉంది. ఆ ప్రాంతం పేరు మీదుగా ఈ ప్రజాతికి అరకేరియా అనే పేరు వచ్చింది. ఇందులో సుమారు 20 జాతులు ఉన్నాయి. వీటిలో అధిక భాగం పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవులకు పరిమితమైనవి. అలంకరణకు పెంచే జాతులలో ముఖ్యమైనవి రెండు:

* అరకేరియా హెటెరోఫిల్లా - ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్ఫోక్ దీవి దీని జన్మస్థలం. దీనిని నార్ఫోక్ దీవి పైన్ అంటారు. హెటెరోఫిల్లా అనగా భిన్నమైన ఆకులు కలది అని అర్థం.
* అరకేరియా కాలమ్నారిస్ - న్యూ కాలెడోనియా దీని జన్మస్థలం. దీనిని కుక్ పైన్ అంటారు. కాలమ్నారిస్ అనగా స్తంభం వంటిది అని అర్థం.

పైన్ అని పిలిచినప్పటికీ ఇవి నిజమైన పైన్ వృక్షాలు కావు. పైన్‌లు పైనేసి అనే వేరొక కుటుంబానికి చెందినవి. నర్సరీలలో నార్ఫోక్ దీవి పైన్ పేరుతో అమ్మే మొక్కలలో చాలావరకు కుక్ పైన్‌లే. పాత తోటపని పుస్తకాలలో కనిపించే అరకేరియా ఎక్సెల్సా అనే పేరును కూడా ఈ మొక్కలకే వాడేవారు.

లక్షణాలు

* కాండం నిటారుగా పెరుగుతుంది. కొమ్మలు ఒక్కొక్క కణుపు వద్ద సాధారణంగా 4 నుండి 7 వరకు చక్రాకారంగా బయలుదేరి అంతస్తులుగా ఏర్పడతాయి.
* లేత చెట్టు ఆకులు సూదుల వలె సన్నగా, మెత్తగా ఉంటాయి. ముదురు చెట్టు ఆకులు పొలుసుల వలె కొమ్మను అంటిపెట్టుకొని ఉంటాయి.
* స్వస్థలాలలో ఈ రెండు జాతులూ 50 నుండి 60 మీటర్ల ఎత్తు పెరుగుతాయి. కుండీలో పెంచినపుడు వేళ్ళకు చోటు తక్కువగా ఉండటం వలన అనేక సంవత్సరాల పాటు చిన్నవిగానే ఉంటాయి.
* నార్ఫోక్ దీవి పైన్ ఆడ శంకువు దాదాపు గోళాకారంలో ఉంటుంది. కుక్ పైన్ ఆడ శంకువు కోలగా ఉంటుంది. శంకువులు పక్వానికి వచ్చిన తరువాత చెట్టు మీదనే విడిపోయి విత్తనాలను రాలుస్తాయి.

లేత వయసులో ఈ రెండు జాతులను గుర్తించడం కష్టం. పెరిగిన తరువాత నార్ఫోక్ దీవి పైన్ అడుగున వెడల్పుగా గోపురం వలె కనిపిస్తుంది. కుక్ పైన్ సన్నగా స్తంభం వలె పెరుగుతుంది. కుక్ పైన్ బెరడు పలుచని పొరలుగా ఊడిపోతుంది.

కుక్ పైన్‌లో ఒక విచిత్రమైన లక్షణం ఉంది. జన్మస్థలానికి వెలుపల నాటిన ఈ చెట్లు భూమధ్యరేఖ వైపునకు ఒరిగి పెరుగుతాయి. అనగా ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి వాలుతాయి. ఐదు ఖండాలలోని 256 చెట్లను కొలిచి 2017లో ప్రచురించిన పరిశోధనలో సగటు వాలు 8.55 డిగ్రీలని తేలింది. భూమధ్యరేఖకు దూరమైన కొద్దీ ఈ వాలు పెరుగుతుందని కూడా గమనించారు. గుంటూరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున ఇక్కడి కుక్ పైన్ దక్షిణానికి కొద్దిగా ఒరిగినట్లు కనిపిస్తే అది నాటడంలోని లోపం కాదు. తాళ్ళతో లాగి కట్టి సరిచేయవలసిన అవసరం లేదు.

చరిత్ర

బ్రిటిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ 1774లో తన రెండవ సముద్రయానంలో న్యూ కాలెడోనియాను, నార్ఫోక్ దీవిని చూశాడు. అక్కడి నిటారైన చెట్లు ఓడల తెరచాప కొయ్యలకు పనికివస్తాయని భావించాడు. 1788లో బ్రిటిష్ వారు నార్ఫోక్ దీవిలో స్థావరం ఏర్పరచడానికి ఈ కలప మీద ఆశ కూడా ఒక కారణం. అయితే పెద్ద తెరచాప కొయ్యలకు కావలసిన దృఢత్వం ఈ కలపకు లేదని తరువాత తెలిసింది. నార్ఫోక్ దీవి పతాకం మీద ఈ చెట్టు బొమ్మ ఉంది.

ఈ కుటుంబం అతి పురాతనమైనది. జురాసిక్, క్రెటేషియస్ యుగాలలో ఈ వృక్షాలు భూమి మీద విస్తారంగా ఉండేవి. ఆనాటి ఆనవాళ్ళు ప్రకాశం జిల్లా నేలలోనే లభించాయి. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం వద్ద గల క్రెటేషియస్ యుగపు తొలికాలానికి చెందిన శిలాపలకలలో అరకేరైటిస్ అనే పేరుతో వర్ణించిన శంకు పొలుసుల శిలాజాలు దొరికాయి. ఓటోకర్ ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త 1879లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున వేమవరం శిలాజ వృక్షాలను వర్ణించాడు. నేడు పరదేశపు అలంకార మొక్కగా నర్సరీ నుండి కొని తెచ్చుకొనే చెట్టుకు పూర్వ బంధువులు కోట్ల సంవత్సరాల క్రితం ఈ తీరంలోనే పెరిగేవన్నమాట.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నుండి 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతంలో క్రైస్తవ సమాజం పెద్దది. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ రాకతో గుంటూరులో లూథరన్ మిషను, 1866లో జాన్ క్లౌ రాకతో ఒంగోలులో బాప్టిస్టు మిషను పని విస్తరించాయి. డిసెంబరు నెలలో చెట్టును అలంకరించే ఆచారం చర్చి ఆవరణల నుండి ఇళ్ళ వరకు వ్యాపించింది. తీరప్రాంతంలో సులభంగా దొరికే సరుగుడు కొమ్మను నిలబెట్టి అలంకరించడం పాత అలవాటు. కుండీలో బ్రతికి ఉండే అరకేరియాను కొనడం తరువాత వచ్చిన పద్ధతి. తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలు రాష్ట్రంలో అలంకార మొక్కలకు ప్రధాన కేంద్రాలు.

డిసెంబరులో పచ్చగా కొన్న మొక్క మే నెల దాటకుండానే ఎండిపోవడం ఈ ప్రాంతంలో తరచుగా జరిగే విషయం. దీనికి నేల, నీరు, వడగాలి అనే మూడు ప్రధాన కారణాలు ఉన్నాయి.

నేల

పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలో బంకమట్టి పాలు అధికం. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. వానాకాలంలో గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతాయి. వేసవిలో నెర్రెలు విచ్చినపుడు సన్నని వేళ్ళు తెగిపోతాయి. పత్తి, మిరప ఏటేటా కొత్తగా వేసే పైరులు కనుక ఆ నేలకు తట్టుకొంటాయి. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలిచే అరకేరియాకు ఈ రెండు దెబ్బలూ ప్రతి సంవత్సరం తగులుతాయి.

నల్లరేగడిలో క్షార గుణం కూడా ఉంటుంది. సున్నపు గులకలు ఉన్న చోట మొక్కకు ఇనుము అందదు. అప్పుడు కొత్త చిగుళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయి.

చీరాల, బాపట్ల తీరంలోని ఇసుక నేలలలో నీరు నిలవదు. సముద్రపు గాలిలో తేమ ఉంటుంది. ఉప్పు గాలిని తట్టుకొనే గుణం అరకేరియాకు సహజంగానే ఉంది. అందువలన ఈ ప్రాంతంలో అరకేరియాకు తీరపు ఇసుక నేల నల్లరేగడి కంటే అనుకూలమైనది. అయితే ఇసుకలో పోషకాలు తక్కువ కనుక సేంద్రియ ఎరువు తరచుగా వేయాలి.

వాతావరణం

ఈ జిల్లాలలో సాలీనా వర్షపాతం సుమారు 800 నుండి 900 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనాలతో పాటు అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాల వలన కూడా వానలు పడతాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పల్నాడులోని రెంటచింతల అధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన ఊరు. తీరం నుండి పడమరకు పోయిన కొద్దీ అరకేరియా పెంపకం కష్టమవుతుంది.

నాటే విధానం

జూన్ చివరి నుండి ఆగస్టు వరకు నాటడానికి అనువైన కాలం. వేసవికి ముందు వేళ్ళు నిలదొక్కుకోవడానికి దీని వలన వ్యవధి లభిస్తుంది. డిసెంబరులో కొన్న మొక్కను వెంటనే నేలలో పెట్టకుండా వేసవి ముగిసే వరకు కుండీలోనే ఉంచి, తొలకరి తరువాత నాటడం మంచిది.

నల్లరేగడిలో లోతైన గొయ్యి తీసి, అందులో ఇసుక, ఎర్రమట్టి నింపి నాటడం సాధారణంగా చేసే పొరపాటు. చుట్టూ ఉన్న బంకమట్టిలో నీరు త్వరగా ఇంకదు. అందువలన వాననీరంతా ఆ గోతిలోకి చేరి, తొట్టిలో నిలిచినట్లు నిలిచిపోతుంది. దీనికి బదులుగా క్రింది పద్ధతిని అనుసరించాలి.

* నేల మట్టానికి పైన సుమారు 45 నుండి 60 సెంటీమీటర్ల ఎత్తున, కనీసం 2 మీటర్ల వెడల్పున దిబ్బ వేయాలి.
* దిబ్బకు రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు వాడవచ్చు. చెరువు మట్టి సారవంతమైనదే అయినా బరువైనది, కనుక దీనికి తగదు.
* మొక్కను కవరులో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటాలి. మొదలును మట్టిలో పూడ్చరాదు.
* కవరును కోసి తీయాలి. వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ చెదరకుండా చూడాలి. గడ్డ చుట్టూ గుండ్రంగా తిరిగిన వేళ్ళు ఉంటే వాటిని మాత్రం విడదీయాలి.
* మొదటి రెండు సంవత్సరాలు ఊతకర్రను కట్టాలి. త్రాడు కాండంలోకి దిగబడకుండా వదులుగా ఉండాలి.

ఇంటి గోడకు, విద్యుత్ తీగలకు కనీసం 6 నుండి 8 మీటర్ల దూరంలో నాటాలి. చిన్న ఆవరణలో కుండీకి పరిమితం కావడం ఉత్తమం.

నీరు

పై మట్టి రెండు అంగుళాల లోతు వరకు ఆరిన తరువాతనే నీరు పెట్టాలి. రోజుల లెక్కన పెట్టడం సరికాదు. నవంబరు ముసురులో నీరు పెట్టవలసిన అవసరం ఉండదు. మే నెలలో కుండీలకు ప్రతిదినం నీరు అవసరం కావచ్చు.

ఈ ప్రాంతంలో అనేక గ్రామాలలో బోరు నీరు ఉప్పగా లేదా చవుడుగా ఉంటుంది. అరకేరియా ఆకుల మీద పడే ఉప్పు గాలిని తట్టుకొన్నంతగా వేళ్ళకు చేరే ఉప్పు నీటిని తట్టుకోదు. కుండీ మట్టి మీద తెల్లని పొర ఏర్పడటం ఉప్పు పేరుకొన్నదనడానికి గుర్తు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు, చెరువు నీరు లేదా నిలువచేసిన వాననీరు లభిస్తే వాటినే వాడాలి. లభించని చోట వానాకాలంలో కుండీని ఆరుబయట ఉంచి, వాననీటితో ఉప్పును కడిగిపోనివ్వాలి. అందుకు కుండీ అడుగు రంధ్రాలు తెరచి ఉండాలి.

ఎరువులు

అరకేరియా నిదానంగా పెరిగే మొక్క కనుక అధిక ఎరువులు అవసరం లేదు. వానాకాలం ఆరంభంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి వర్మికంపోస్టు లేదా మాగిన పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది. యూరియా అధికమైతే కొమ్మలు బలహీనంగా సాగి వంగిపోతాయి. వేసవిలో ఎరువు వేయరాదు.

ఇనుము లోపం వలన చిగుళ్ళు పసుపు రంగుకు మారినపుడు, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయవచ్చు. వారం వ్యవధిలో రెండు మూడు సార్లు చేయాలి. పసుపు రంగుకు కారణం నీరు నిలవడమే అయితే పిచికారీ వలన ఫలితం ఉండదు. అందువలన ముందుగా వేళ్ళను పరిశీలించాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు గట్టిగానూ, కుళ్ళిన వేరు నల్లగా, మెత్తగానూ ఉంటుంది.

కుండీలో పెంపకం

మొక్క వేరుగడ్డ కంటే రెండు మూడు అంగుళాల వెడల్పు ఎక్కువ ఉన్న కుండీని ఎంచుకోవాలి. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే మట్టి ఆరక వేళ్ళు కుళ్ళుతాయి. రెండు మూడు సంవత్సరాలకు ఒకసారి, వానాకాలంలో కుండీ మార్చాలి. మొక్క వెలుతురు వైపునకు వంగుతుంది కనుక వారానికి ఒకసారి కుండీని పావు వంతు త్రిప్పాలి.

క్రింది కొమ్మలు ఒకసారి ఎండి రాలితే ఆ చోట తిరిగి కొమ్మలు రావు. చీకటి, పొడిగాలి, నీటి ఎద్దడి ఇందుకు కారణాలు. అరకేరియాను కత్తిరించి గుబురుగా చేయడం సాధ్యం కాదు. తల తుంచితే ఒకటికి మించిన తలలు బయలుదేరి చెట్టు ఆకారం చెడిపోతుంది.

క్రిస్మస్ అలంకరణ

* మొక్కను ఇంటిలోకి తెచ్చే ముందు వారం రోజుల పాటు వరండాలో నీడలో ఉంచాలి.
* కిటికీ దగ్గర వెలుతురు తగిలే చోట ఉంచాలి. రెండు వారాలకు మించి గది లోపల ఉంచకపోవడం మంచిది.
* తేలికైన అలంకారాలనే కట్టాలి. బరువైనవి కడితే మెత్తని కొమ్మలు వంగి అలాగే ఉండిపోతాయి.
* వేడెక్కే పాత రకం బల్బులు ఆకులను మాడుస్తాయి. ఎల్‌ఇడి దీపాలు అంత వేడిని ఇవ్వవు.
* మంచు వలె కనిపించడానికి రంగులు చల్లరాదు. రంగు పొర ఆకులకు వెలుతురు అందకుండా చేస్తుంది.
* పండుగ తరువాత మొక్కను నేరుగా ఎండలో పెట్టకుండా, పది పదిహేను రోజులలో క్రమంగా వెలుతురుకు అలవాటు చేయాలి.

వేసవి సంరక్షణ

మార్చి నెల మధ్య నుండి 50 శాతం నీడనిచ్చే వలను పైన కట్టాలి. పడమటి గాలి నేరుగా తగలకుండా తూర్పు వరండాలో గాని, పెద్ద చెట్టు నీడలో గాని ఉంచాలి. మొదలు చుట్టూ ఎండుగడ్డి లేదా కొబ్బరి పీచు పరిస్తే తేమ నిలుస్తుంది, నల్లరేగడి నెర్రెలు విచ్చడం తగ్గుతుంది. ఈ కప్పు కాండానికి తగలరాదు. సిమెంటు మేడ మీద కుండీ ఉంచితే అడుగున ఇటుకలు పెట్టాలి. సాయంత్రం ఆకుల మీద నీరు చిలకరించడం మేలు చేస్తుంది.

పురుగులు, తెగుళ్ళు

* పిండినల్లి - కొమ్మల సందులలో తెల్లని దూది వలె కనిపిస్తుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి పిచికారీ చేయాలి. ఈ పురుగును మోసే చీమలను కూడా అరికట్టాలి.
* ఎర్రనల్లి - వేసవిలో పొడిగాలికి వృద్ధి చెందుతుంది. ఆకులు బూడిద రంగుకు తిరుగుతాయి, సన్నని బూజు కనిపిస్తుంది. నీటిని గట్టిగా చిమ్మి కడగడం మొదటి చికిత్స.
* పొలుసు పురుగు - కొమ్మలకు అంటుకొని రసం పీలుస్తుంది. తక్కువగా ఉన్నప్పుడు గుడ్డతో తుడిచివేయవచ్చు.
* వేరుకుళ్ళు - నీరు నిలిచిన నేలలో వచ్చే ముఖ్యమైన తెగులు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు చుట్టూ పోయవచ్చు. నీరు పోయే దారి చేయకుండా మందు మాత్రమే పోస్తే తెగులు తిరిగి వస్తుంది.

పొలాల అంచున ఉన్న ఇళ్ళలో కలుపు మందు తుంపరలు గాలివాటున మొక్క మీద పడి చిగుళ్ళు మాడవచ్చు. కలుపు మందు చల్లిన స్ప్రేయరును ఈ మొక్కలకు వాడరాదు.

ప్రవర్ధనం

తాజా విత్తనాల ద్వారా మొక్కలను పెంచుతారు. విత్తనాలు త్వరగా మొలకెత్తే శక్తిని కోల్పోతాయి కనుక నిలువ ఉంచరాదు. కొమ్మ ముక్కలతో కూడా వేళ్ళు తెప్పించవచ్చు. అయితే ప్రక్క కొమ్మను నాటితే అది నిటారుగా పెరగక ప్రక్కకే పాకుతుంది. నిటారైన చెట్టు రావాలంటే తలను కోసి నాటాలి. దీని వలన తల్లిచెట్టు ఆకారం చెడిపోతుంది. ఈ కారణంగా గృహస్థులు నర్సరీ మొక్కనే కొనడం మేలు. కొనేటప్పుడు క్రింది అంతస్తు కొమ్మలు పూర్తిగా ఉన్నాయో లేదో, తల ఒక్కటే ఉన్నదో లేదో చూడాలి.

తుఫానులు

తీరప్రాంతంలో పెద్ద అరకేరియాలకు తుఫాను ప్రమాదం ఉంది. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటింది. 1992లో అమెరికాలోని ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ తుఫాను అనంతరం జరిపిన పరిశీలనలలో నార్ఫోక్ దీవి పైన్ గాలిని బాగా తట్టుకోలేని చెట్లలో ఒకటిగా నిలిచింది. కుండీలో ఏళ్ళ తరబడి ఉండి వేళ్ళు చుట్టలు తిరిగిన మొక్కను నేలలో నాటితే వేరుపట్టు బలంగా ఉండదు. ఇంటికి పడమర వైపున గాని, దారి ప్రక్కన గాని ఎత్తైన చెట్టు ఉన్నప్పుడు అక్టోబరుకు ముందే మొదలును, వేళ్ళను పరీక్షించడం అవసరం.

పోలిక గల ఇతర మొక్కలు

* సరుగుడు - ఆకులు సూదుల వలె, కాయలు శంకువుల వలె కనిపించినా ఇది శంకుధారి వృక్షం కాదు, పూలు పూసే మొక్క. ఇసుక నేలలకు అనువైనది.
* థూజా - విసనకర్ర వంటి కొమ్మలు గల శంకుధారి పొద. కత్తిరింపును తట్టుకొంటుంది. మైదాన ప్రాంతపు ఎండను అరకేరియా కంటే బాగా ఓర్చుకొంటుంది. నీరు నిలిచే చోట ఇది కూడా బ్రతకదు.

నల్లరేగడి ఆవరణలో దిబ్బ వేయడానికి, వేసవిలో నీడ కల్పించడానికి వీలు లేనివారికి థూజా మేలైన ప్రత్యామ్నాయం.

పరిరక్షణ స్థితి

ప్రపంచమంతటా తోటలలో పెంచుతున్నప్పటికీ, నార్ఫోక్ దీవి పైన్ సహజంగా పెరిగే చోటు అతి చిన్నది. ఈ కారణంగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ముప్పునకు లోనుకాగల జాతిగా వర్గీకరించింది.

ఇవి కూడా చూడండి

* వివృతబీజాలు
* సరుగుడు
* థూజా
* నల్లరేగడి నేల
* కడియం